పుట్టింటికి దారి, జెనీవా మీదుగా

ఆడపిల్ల అన్న మాటని మన ఇళ్ళల్లో విరిచి చెప్తుంటారు. అది 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదు అని. అప్పగింతలప్పుడు ఎవరో ఒక పెద్దావిడ ఆ మాట అంటుంది. అందరూ నవ్వుతారు, ఒకళ్ళిద్దరు కళ్ళు తుడుచుకుంటారు. మన దగ్గర ఇది సామెత, ఆచారం, ఆస్తి పంపకాల దగ్గర బయటికొచ్చే వాదన. కెనడాలో మూలవాసీ స్త్రీల విషయంలో ఇది అక్షరాలా చట్టం. 1869లో వచ్చింది, 1985లో పోయింది. లెక్కేస్తే నూట పదహారేళ్ళు. మన చదివింపుల అంకె.

ఆ చట్టాన్ని కదిలించిన వాటిలో ఒక ఉత్తరం ఉంది. దాని తేదీ 1977 డిసెంబర్ 29. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని టోబిక్ రిజర్వ్‌లో పుట్టి పెరిగిన సాండ్రా లవ్‌లేస్ దాన్ని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీకి పంపింది. ఒక మామూలు మనిషి, ఏ రాయబారి సిఫార్సూ లేకుండా, తన ప్రభుత్వం మీద తనే ప్రపంచానికి ఫిర్యాదు చేసుకోవచ్చనే ఆ ఏర్పాటు అమల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ ఉత్తరం ఏం సాధించింది, ఏం సాధించలేకపోయింది అన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

ముందు చట్టం సంగతి. కెనడా చట్టంలో 'ఇండియన్' అంటే మనం కాదు, అక్కడి మూలవాసులు. ఎవరు ఇండియన్, ఎవరు కాదు అన్నది తెగ పెద్దలో, అమ్మమ్మలో తేల్చే విషయం కాదు. ఒట్టావాలో ప్రభుత్వం దగ్గరున్న రిజిస్టర్ తేలుస్తుంది. ఇండియన్ యాక్ట్ 12(1)(బి) ప్రకారం, ఇండియన్ కాని మగవాణ్ణి పెళ్ళి చేసుకున్న స్త్రీకి ఆ రిజిస్టర్లో చోటు లేదు. మగవాడికి ఈ గొడవ లేదు. అతను బయటి అమ్మాయిని చేసుకుంటే అతని పేరు పదిలంగా ఉంటుంది, పైగా ఆ అమ్మాయి కూడా చట్టం దృష్టిలో ఇండియన్ అయిపోతుంది. తర్వాత విడాకులైనా ఆమె హోదా పోదు. అంటే ఒకామెకి పుట్టుకతో వచ్చింది పెళ్ళితో పోతుంది, ఇంకొకామెకి పుట్టుకతో లేనిది పెళ్ళితో వస్తుంది.

పేరు పోవడమంటే కాగితం మీది అక్షరాలు పోవడం కాదు. రిజర్వ్‌లో నివాసముండే హక్కు పోతుంది. అమ్మానాన్నలకి అక్కడున్న ఆస్తి రాదు. ఇల్లు కట్టుకోడానికి తెగ మండలి ఇచ్చే అప్పు పుట్టదు. అడవిలో కలప కొట్టుకోవడం, వేట, చేపలు, ఇవన్నీ పరాయి సొమ్ము అయిపోతాయి.

సాండ్రా లవ్‌లేస్ మాలిసీట్ తెగ మనిషి. వాళ్ళు తమని తాము వొలాస్తోకియిక్ అని, అంటే అందమైన నది మనుషులమని చెప్పుకుంటారు. 1970 మే 23న ఆమె తెగ బయటి మనిషిని పెళ్ళి చేసుకుంది. కొన్నేళ్ళకి విడాకులయ్యాయి. తిరిగి టోబిక్ వచ్చింది. రిజిస్టర్లో పేరు లేదు కాబట్టి ఇల్లు లేదు. కొంతకాలం డేరా వేసుకుని ఉంది. అదే రిజర్వ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళ పరిస్థితీ అంతంతమాత్రమే. ఇళ్ళు భర్తల పేరు మీద ఉండేవి, తగువొస్తే భార్యాపిల్లలు వీధిన పడేవాళ్ళు. 1977లో టోబిక్ ఆడవాళ్ళు తెగ మండలి ఆఫీసులోకి వెళ్ళి బైఠాయించారు. కాబట్టి ఆ ఉత్తరం ఒంటరి మనిషి కడుపుమంటలోంచి ఊడిపడింది కాదు. అప్పటికే కొంగు బిగించిన కొంతమంది ఆడవాళ్ళ మధ్యలోంచి వచ్చింది.

కోర్టుకెళ్ళొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. వెళ్ళారు. జెనెట్ లవెల్, ఇవాన్ బెడార్డ్ అనే ఇద్దరు మూలవాసీ స్త్రీలు ఇదే నియమాన్ని కెనడా సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. చట్టం ముందు సమానత్వం అంటే కోర్టులు చట్టాన్ని అందరికీ ఒకే తీరుగా అమలుచేయడమే అని మెజారిటీ తీసుకున్న అర్థం. నా మాటల్లో చెప్పాలంటే, అలాంటి పెళ్ళి చేసుకున్న ప్రతి ఆడమనిషి పేరూ ఒకేలా కొట్టేస్తున్నారు కాబట్టి వివక్ష లేదని.

ఆ కేసులో నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్, అంటే మూలవాసీ నాయకత్వమే, ఈ ఆడవాళ్ళకి వ్యతిరేకంగా నిలబడింది. దాన్ని ఉత్త మగ అహంకారం అని కొట్టిపారేయడం సులువు. కానీ అంతకు నాలుగేళ్ళ ముందే, 1969లో, ప్రభుత్వం ఇండియన్ యాక్ట్‌నీ దానితోపాటు ప్రత్యేక హోదానీ మొత్తంగా ఎత్తేస్తానని ఒక శ్వేతపత్రం తెచ్చింది. ఈ ఒక్క నియమం కోర్టులో కూలితే ఆ దారినే మిగతా రక్షణలన్నీ కూలిపోతాయని వాళ్ళ భయం. భయం నిజమైనదే. ఆ భయానికి పేరు కోల్పోతున్నది మాత్రం ఆడవాళ్ళే. అణగారిన సమూహం తన గోడలు కాపాడుకోడానికి తనలోనే ఇంకా అణగారినవాళ్ళని గోడ బయట నిలబెట్టడం మనకి కొత్త సంగతేం కాదు.

దేశంలో ఇక పై కోర్టు లేదు. మిగిలింది జెనీవా.

కెనడా మూలవాసులు ఆ తలుపు తట్టడం అది మొదటిసారి కాదు. 1923లో హోడెనొషోనీ సమాఖ్య ప్రతినిధిగా డెస్కాహే అనే కయూగా నాయకుడు తన ప్రజల పాస్‌పోర్టు మీదే జెనీవా వెళ్ళాడు. అప్పుడక్కడ ఉన్నది నానాజాతి సమితి. మా భూమి మీద, మా పాలన మీద కెనడా చెయ్యి వేస్తోంది, మా మొర వినండి అని అడిగాడు. పర్షియా, పనామా, ఐర్లండ్, ఎస్తోనియా లాంటి దేశాలు ఆయన మాట వినాలన్నాయి. బ్రిటన్ అడ్డుపడింది. సమితి సభలో ఆయనకి మాట్లాడే అవకాశమే రాలేదు. 1924లో కెనడా ఆయన ప్రజల సంప్రదాయ మండలిని రద్దు చేసింది. 1925లో ఆయన సొంత నేలకి తిరిగి రాకుండానే అమెరికాలో చనిపోయాడు. ఆయనకి 'కాదు' అన్న జవాబు కూడా రాలేదని గుర్తుపెట్టుకోవాలి. ఆయన ఏ రాజ్యమూ కాదు కాబట్టి జవాబు చెప్పాల్సిన పనే లేదన్నది అప్పటి పద్ధతి.

ఐక్యరాజ్య సమితి వచ్చాక పద్ధతి మారిందనుకుంటాం. 1947లో దాని మానవ హక్కుల కమిషన్ తన మొదటి సమావేశాల్లోనే ఒక తీర్మానం చేసుకుంది: మానవ హక్కుల మీద వచ్చే ఏ ఫిర్యాదు విషయంలోనూ చర్య తీసుకునే అధికారం మాకు లేదు. ఉత్తరాలు మాత్రం కట్టలు కట్టలుగా వచ్చేవి. అదే ఏడాది డబ్ల్యూ.ఈ.బి. డుబాయ్ ఆధ్వర్యంలో అమెరికా నల్లజాతి ప్రజలు ఒక పుస్తకమంత విన్నపం సమర్పించారు. దానికీ విచారణ లేదు. వచ్చిన ఉత్తరాలకి సారాంశాలు రాసి, రహస్య జాబితాలో చేర్చి, పంపినవాళ్ళకి కమిషన్‌కి అధికారం లేదని తెలియజేసేవాళ్ళు. ఆ విభాగానికి తొలి డైరెక్టర్ జాన్ హంఫ్రీ తర్వాత్తర్వాత ఆ ఏర్పాటుని చెత్తబుట్టతో పోల్చాడు. ఆయన కెనడా మనిషి, పుట్టింది సాండ్రా లవ్‌లేస్ పుట్టిన న్యూ బ్రన్స్‌విక్‌లోనే.

చెత్తబుట్ట నుంచి బయటపడడానికి దాదాపు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. 1966 డిసెంబర్ 16న సర్వప్రతినిధి సభ పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని ఏకగ్రీవంగా ఆమోదించింది. వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే హక్కుని మాత్రం ఒడంబడికలో పెట్టలేదు, విడిగా ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో పెట్టారు. ఇష్టమున్న దేశం చేరొచ్చు, లేకపోతే లేదు. ఆ ప్రోటోకాల్‌కి అనుకూలంగా 66 ఓట్లు, వ్యతిరేకంగా 2, తటస్థంగా 38. హక్కులు ఉన్నాయని చెప్పడానికి అందరూ చెయ్యెత్తారు. అవి అందలేదని ఎవరైనా అడిగితే సమాధానం చెప్తామనడానికి చాలామంది చేతులు లేవలేదు. రెండూ 1976 మార్చి 23న అమల్లోకి వచ్చాయి. కెనడా ఆ మేలో రెండింట్లోనూ చేరింది, ఆగస్టు 19 నుంచి కట్టుబడింది. పదహారు నెలలకి సాండ్రా ఉత్తరం బయల్దేరింది.

ఈ యంత్రాంగం పనితీరులో నాకు భలే నచ్చే విషయం దాని భాష. అక్కడ ఫిర్యాదు అనరు, 'సమాచారం' అంటారు. ఫిర్యాది అనరు, 'రచయిత' అంటారు. తీర్పు అనరు, కమిటీ 'అభిప్రాయాలు' అంటారు. రాజ్యాల చెవికి గుచ్చుకోకుండా ఏరుకున్న మెత్తటి మాటలివి. దాంతో ఆ నిర్ణయ పత్రం పొడుగునా సాండ్రా లవ్‌లేస్ 'రచయిత్రి'గానే కనిపిస్తుంది.

నియమాలు తక్కువే. ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలని లేదు. పేరు లేకుండా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే తీసుకోరు. సొంత దేశంలో ఉన్న దారులన్నీ అయిపోయి ఉండాలి. అయితే లవెల్ కేసులో సుప్రీంకోర్టు అప్పటికే తేల్చేసింది కాబట్టి, ఓడిపోతానని తెలిసిన కోర్టుకి సాండ్రా మళ్ళీ వెళ్ళాల్సిన పనిలేకపోయింది. సాక్షుల విచారణ, వాదోపవాదాలు ఉండవు. అంతా కాగితాల మీదే. పద్ధెనిమిది మంది సభ్యులు తలుపులు మూసుకుని చదువుతారు. ఈ పనిలో ఆమెకి సాయం చేసినవాళ్ళలో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అధ్యక్షుడు నోయెల్ కిన్సెల్లా ఒకడు.

ఉత్తరాన్ని విచారణకి తీసుకున్నాక ప్రభుత్వం ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. నాకు అసలు బలమంతా ఈ ఒక్క నియమంలో కనిపిస్తుంది. డెస్కాహేకి దక్కనిది ఇదే.

కెనడా ఏం రాసిందో చూడండి. ఇండియన్ యాక్ట్ మూలవాసుల్ని కాపాడ్డానికే ఉందంది. పంతొమ్మిదో శతాబ్దపు వ్యవసాయ సమాజాల్లో రిజర్వ్ భూమికి బయటి ఆడవాళ్ళకంటే బయటి మగవాళ్ళ వల్లే ముప్పు ఎక్కువ కాబట్టి ఆ నియమం పెట్టారంది. చట్టంలో చాలా భాగాల్ని తిరిగి ఆలోచించి మార్చాల్సిన అవసరం ఉందని కూడా ఒప్పుకుంది. కమిటీ మరిన్ని వివరాలు అడిగితే లెక్కలు ఇచ్చింది. 1965 నుంచి 1978 వరకు ఏడాదికి సగటున 510 మంది ఇండియన్ స్త్రీలు బయటి మగవాళ్ళని పెళ్ళి చేసుకున్నారు. అదే కాలంలో బయటి స్త్రీలని చేసుకున్న ఇండియన్ మగవాళ్ళు ఏడాదికి సగటున 448 మంది. అంటే ఏటా అయిదొందల మంది ఆడబిడ్డలు బయటికి, నాలుగొందల యాభై మంది కోడళ్ళు లోపలికి. ఏ ఉద్యమ కరపత్రమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఈ అంకెలు ప్రభుత్వం తన సంతకంతో తనే రాసిచ్చింది, ఒక ఆడమనిషి అడిగిందని.

కమిటీకి ఒక చిక్కు వచ్చిపడింది. సాండ్రా పెళ్ళి 1970లో. కెనడా కట్టుబడింది 1976లో. ముందు జరిగినదాని మీద అభిప్రాయం చెప్పే వీల్లేదు. అందుకని కమిటీ ప్రశ్నని కాస్త పక్కకి జరిపింది. అప్పుడు పేరెందుకు పోయింది అని కాదు, ఇవాళ ఆమె తన మనుషుల మధ్యకి ఎందుకు వెళ్ళలేకపోతోంది అని. ఒడంబడిక 27వ అధికరణం ప్రకారం అల్పసంఖ్యాక సమూహాల వాళ్ళకి తమవాళ్ళతో కలిసి తమ సంస్కృతిలో, తమ భాషలో బతికే హక్కు ఉంది. రిజర్వ్‌లో పుట్టి పెరిగి, ఆ బంధాలు నిలుపుకుని, తిరిగి రావాలనుకుంటున్న మనిషి ఆ సమూహం మనిషే, రిజిస్టర్ ఏమన్నా సరే. పెళ్ళి కూడా విచ్ఛిన్నమయ్యాక ఆమెని బయట ఉంచితే తెగ అస్తిత్వానికి ఒరిగేదేమీ లేదు. ఇక వాళ్ళు రాసిన కారణం, నేను పదేపదే వెళ్ళి చదువుకునే చోటు: టోబిక్ రిజర్వ్ బయట అలాంటి సమూహం ఇంకెక్కడా లేదు. 1981 జూలై 30న కమిటీ కెనడా ఒడంబడికని ఉల్లంఘించిందని తేల్చింది.

మనసుకి హత్తుకునే కారణమే. కానీ ఒక విషయం కప్పిపుచ్చకూడదు. సాండ్రా అడిగింది ఆడా మగా సమానత్వం గురించి. కమిటీ జవాబిచ్చింది సంస్కృతి గురించి. ట్యునీషియా సభ్యుడు నెజీబ్ బూజిరి ఒక్కడే విడిగా రాసిన అభిప్రాయంలో, ఈ చట్టం ఇప్పటికీ స్త్రీల మీద వివక్షే, సమానత్వం గురించిన అధికరణాలు కూడా ఉల్లంఘనకి గురయ్యాయి అన్నాడు. చట్టపరమైన చిక్కు ఉందని ఒప్పుకుంటూనే, బూజిరి చెప్పిందే సరైనదని నాకనిపిస్తుంది.

అభిప్రాయాలు వచ్చాయి. మర్నాడు టోబిక్‌లో ఏమీ మారలేదు. జెనీవాకి పోలీసులు లేరు, జప్తు అధికారులు లేరు. మారడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఆ మార్పుకి ఉత్తరం ఒక్కటే కారణమని చెప్తే అబద్ధమవుతుంది. కానావాకే నుంచి మేరీ టూ-యాక్స్ ఎర్లీ 1960ల నుంచీ పోరాడుతోంది. 1979 జూలైలో టోబిక్ ఆడవాళ్ళు పిల్లలతో సహా ఓకా నుంచి ఒట్టావా పార్లమెంటు దాకా వంద మైళ్ళ పైన నడిచారు. 1982లో కెనడాకి కొత్త హక్కుల చార్టర్ వచ్చింది, అందులోని సమానత్వ నిబంధన 1985 ఏప్రిల్ 17న అమల్లోకి రావాల్సి ఉంది. ఆ తేదీ నుంచే వర్తించేలా, ఆ జూన్‌లో సి-31 బిల్లు చట్టమైంది. 12(1)(బి) పోయింది. జూలైలో మేరీ టూ-యాక్స్ ఎర్లీ తన హోదా తిరిగి పొందిన మొదటి మనిషి అయింది. తర్వాతి ఏళ్ళలో లక్షమందికి పైగా మళ్ళీ రిజిస్టర్లోకి వచ్చారు. నడిచిన కాళ్ళకి ఉత్తరం ఊతకర్ర అయిందనడం న్యాయంగా ఉంటుంది. మానవ హక్కుల విషయంలో మంచిపేరున్న దేశంగా చెప్పుకునే కెనడాని, ఎక్కడికెళ్ళినా ఈ ప్రశ్న వెంటాడింది.

సి-31లోనూ ఒక మెలిక మిగిలిపోయింది. తిరిగొచ్చిన ఆడవాళ్ళ మనవలకి వచ్చేసరికి, అదే స్థితిలో ఉన్న మగవాళ్ళ మనవలతో పోలిస్తే హోదా తొందరగా ఆగిపోయేది. షారన్ మెకైవర్ దాని మీద బ్రిటిష్ కొలంబియా కోర్టుల్లో పోరాడి పాక్షికంగా గెలిచి, 2010లో కొడుకుతో కలిసి మళ్ళీ అదే కమిటీకి రాసింది. 2018 నవంబర్‌లో కమిటీ ఈసారి తప్పించుకోలేదు. స్త్రీపురుష సమానత్వ అధికరణాలే ఉల్లంఘనకి గురయ్యాయని చెప్పింది. ఈలోగా 2017లో కెనడా పార్లమెంటు ఇంకో సవరణ చేసింది, అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 2019 ఆగస్టులో. సాండ్రాకి దొరకని జవాబు ముప్ఫయ్యేడేళ్ళ తర్వాత షారన్‌కి దొరికింది. ఈలోపు 2005లో సాండ్రా లవ్‌లేస్ నికొలస్ కెనడా సెనేటర్ అయింది. 2006 నుంచి 2014 దాకా ఆ సెనేట్ స్పీకర్ ఎవరంటే, ఆమె ఉత్తరానికి సాయపడ్డ నోయెల్ కిన్సెల్లా.

ఇప్పుడు మన సంగతి. ఇవాళ ఇలాంటి వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకునే ఐక్యరాజ్య సమితి కమిటీలు ఎనిమిది ఉన్నాయి. జాతి వివక్ష, చిత్రహింసలు, స్త్రీల హక్కులు, వికలాంగుల హక్కులు, పిల్లల హక్కులు, ఇలా. భారతదేశం 1979 ఏప్రిల్ 10న పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. స్త్రీల ఒప్పందాన్ని 1993లో, వికలాంగుల ఒప్పందాన్ని 2007లో ఆమోదించింది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఆమోదం దగ్గర ఆగిపోయింది. వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటుని మాత్రం ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. నేపాల్ 1991లోనే ఒప్పుకుంది. శ్రీలంక 1997లో ఒప్పుకుంది, కానీ సింగరాస అనే తమిళ ఖైదీకి అనుకూలంగా కమిటీ చెప్పాక, 2006లో ఆ దేశపు సుప్రీంకోర్టు అసలు ప్రోటోకాల్‌లో చేరడమే రాజ్యాంగ విరుద్ధమంది.

మనకి 32వ అధికరణం ఉంది, సుప్రీంకోర్టు ఉంది, జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది, జెనీవా ఎందుకు అని వాదన. అవన్నీ విలువైనవే. కానీ కెనడాకీ సుప్రీంకోర్టు ఉంది. 5-4తో ఓడిన మనిషికి ఆ తర్వాత ఏముంటుంది అన్నదే ప్రశ్న. ఇందులో పౌరసత్వంతో పనిలేదు, ఆ దేశం అధికార పరిధిలో ఉంటే చాలు. కాబట్టి ఒక తెలుగమ్మాయి టొరంటోలోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే, దారులన్నీ మూసుకుపోయాక మానవ హక్కుల కమిటీకి రాయొచ్చు. డాలస్‌లో ఉంటే రాయలేదు, అమెరికా ఆ ప్రోటోకాల్‌లో లేదు. కాకినాడలో ఉన్నా, కరీంనగర్‌లో ఉన్నా రాయలేదు.

అర్జీ పెట్టడం మనవాళ్ళకి తెలియని విద్య కాదు. సోమవారం పూట ఏ కలెక్టరేట్‌కి వెళ్ళినా ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని నిలబడ్డ జనం కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది వెళ్ళేముందు రశీదు అడిగి తీసుకుంటారు. పని అవుతుందన్న నమ్మకం ఉన్నా లేకపోయినా, ఎవరో ఒకరు సమాధానం చెప్పాల్సి ఉందన్నదానికి ఆ రశీదే సాక్ష్యం. సాండ్రా లవ్‌లేస్‌కి 1981లో దక్కింది ఆ రకం కాగితమే, కాకపోతే కారణాలతో సహా. అలాంటి కాగితం ఇస్తానని మన దేశం ఇంకా సంతకం పెట్టలేదు.